గడియారం లేని పలక

షార్జా రోలా సంతలో గుల్ జమాన్ అరవై చెప్పాడు,
నలభై రెండు దిర్హమ్‌లకు తెచ్చాను.
పేకముక్కంత పలక.
మూత లేదు, మీట లేదు,
ఆపాలంటే తీగ పీకడమే.
దీని లోపల లినక్స్ ఉంటుందంటే
"బువ్వేం తింటది?" అన్నాడు రాజేశం.

తింటుంది. అయిదు వోల్టులు, రెండున్నర ఆంపియర్లు.
పిసరంత తగ్గినా ఎర్రదీపం ఆర్పుకుని అలుగుతుంది.
మా గదిలో పన్నెండు ఫోన్ చార్జర్లున్నాయి,
ఒక్కటీ దాని ఆకలికి ఆనలేదు.
పదమూడోది కొన్నాను.

సజ్జా క్యాంపులో నూట నలభై మందిమి,
డాబా మీద ఒక్కటే ట్యాంకు.
నైట్ షిఫ్టు బస్సు దిగేసరికి
నల్లాలో గాలి ఈల వేస్తుంది.
ట్యాంకర్ రోజూ వస్తోందంటాడు కుర్యాకోస్ సారు.
రావట్లేదంటాం మేము.
మాటకు మాట. కాగితం ఎవరి దగ్గరా లేదు.

అందుకని పలకను డాబా ఎక్కించాను.

దీనికి "కొంచెం" అనే మాట రాదు.
ఉంది, లేదు. అంతే.
సగం నిండిందా అని అడిగితే తెల్లముఖం వేస్తుంది.
నాలుగు ఎత్తుల్లో నాలుగు బెండ్లు కట్టి
నాలుగు కాళ్ళకు తీగలు తెచ్చాను.
కాలికి మూడున్నర వోల్టులు తగిలినా ఓర్చుకోలేదట,
నేను తొందరలో అయిదు తగిలించాను.
పొగ లేదు, చప్పుడు లేదు,
ఆ కాలు మాత్రం మళ్ళీ పలకలేదు.
పక్క కాలికి మార్చాను. ఇంకా చాలా ఉన్నాయి దానికి.

ఆగస్టు.
ఎనభై డిగ్రీలు దాటితే పలక తనంతట తానే
వేగం తగ్గించుకుంటుంది, ఎవరినీ అడగదు.
మాకు పన్నెండున్నర నుంచి మూడు దాకా నీడ పట్టున ఉండే చట్టముంది,
అదీ సెప్టెంబరు సగం వరకే.
దానికి ఆ చట్టం చిప్పులోనే చెక్కి పంపారు.
చెక్కినవాడెవడో
ఒక్క మధ్యాహ్నమైనా రేకుల కప్పు మీద నిలబడి ఉంటాడు.
టూనా డబ్బా కత్తిరించి దాని నెత్తికి గొడుగు చేశాను.
రెండు డిగ్రీలు తగ్గింది. చేపల వాసన వారం ఉంది.

నిమిషానికోసారి రాయమన్నాను, రాసింది.
మూడో వారానికి గోరంత మెమరీ కార్డు అరిగిపోయింది.
పాతవి చదువుతానంది, కొత్తది ఒక్క అక్షరం రాయనంది.
కొత్త కార్డు వేసి చెప్పాను:
మనసులో పెట్టుకో, గంటకోసారి రాయి.

తొమ్మిది వారాల లెక్క పట్టుకుని
ఆఫీసు గదికి వెళ్ళాం, నేనూ రాజేశం బుచ్చన్నా.
కుర్యాకోస్ సారు అద్దాలు సర్ది ఒక వరుస మీద వేలు పెట్టాడు.
"పదకొండో తారీకు తెల్లవారుజామున మూడుంపావుకు ట్యాంకర్ వచ్చిందా?
ఆ రాత్రి గేటు తాళం నా దిండు కింద ఉంది."

నిజమే.
ఈ పలకకు గడియారం లేదు.
జనరేటర్ ఆగితే ఆ నిమిషంలోనే ఆగిపోతుంది,
మళ్ళీ లేస్తే ఆ నిమిషం నుంచే లేస్తుంది.
మధ్యలో పోయిన గంటల జాడ తెలియదు.
నెట్‌ను అడిగి దిద్దుకోవాలి,
బుచ్చన్న సిమ్‌లో రీచార్జి అయిపోయి పది రోజులు.

మెట్లు దిగుతూ నేనేమీ అనలేదు.
రాజేశమే అన్నాడు:
"దాన్నేం తిట్టకు. డబల్ డ్యూటీ చేసి పండితే
లేసినంక ఏ వారమో నాకు సుత తెల్వది."

పద్నాలుగు దిర్హమ్‌లు.
చిన్న గడియారం ముక్క, నాణెమంత బ్యాటరీ.
పలక వీపుకు గుచ్చాను.

ఇప్పుడు డాబా మీద కూర్చుని చూస్తున్నాను.
ఒకటీ నలభై: లేదు, లేదు, లేదు, లేదు.
రెండూ నలభై: లేదు, లేదు, లేదు, లేదు.
కింద గేటు దగ్గర బస్సు లైట్లు.
దుమ్ము దులుపుకుంటూ దిగుతున్నారు,
ఎవరో అప్పుడే బకెట్ లాగుతున్నారు.

ఈసారి టైము మాత్రం కరెక్టు.